పక్కింటావిడ కార్పెట్ మీద మరక

మా పిన్ని ఇంటికి వెళ్ళే చుట్టాలు గుమ్మం ముందు ఆగి ముందు తమ పాదాలు చూసుకునేవారు. తర్వాత పిల్లల ముక్కులు చూసేవారు. అప్పటికీ ధైర్యం మిగిలినవాళ్ళు బెల్లు నొక్కేవారు.

మా అమ్మకి స్వయానా చెల్లెలావిడ. బంధువులు ఆవిడకి "మచ్చలేని పిన్ని" అని పేరు పెట్టారు. వాళ్ళు వెక్కిరింపుగా పెట్టింది ఆవిడ బిరుదుగా పుచ్చుకుంది. పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చోవడం ఆవిడ ఉద్యోగం. నోరు తెరవడానికి సిగ్గుపడుతూ వచ్చేవాళ్ళని ఏళ్ళ తరబడి చూసీ చూసీ, లోకంలో ప్రతివాడూ ఎక్కడో ఒకచోట మురికి దాచుకునే తిరుగుతున్నాడని ఆవిడకి గట్టి నమ్మకం కుదిరింది. "పడుకునే ముందు తోముకుంటున్నారా?" అని ఆవిడ కళ్ళజోడు మీదుగా చూసి అడిగితే, ఎంతెంత ఆఫీసర్లూ నీళ్ళు నమిలేవారు.

బాబాయ్‌కి బజార్లో కళ్ళజోళ్ళ దుకాణం ఉండేది. పగలంతా ఊరివాళ్ళ చూపు పరీక్షించే ఆ మనిషి ఇంటికొచ్చాక ఏదీ కనబడనట్టే ఉండేవాడు. వాళ్ళ సంసారం అంత సాఫీగా సాగడానికి అదే కారణమని మా అమ్మ అంటుంది. నేను ఆ రోజుల్లో మందుల షాపులో పనిచేస్తూ వాళ్ళ మేడ మీద గదిలో ఉండేదాన్ని. అందుకని ఇందులో సగం నేను కళ్ళారా చూసింది. మిగతా సగం బాబాయ్ నోటా, అమ్మ నోటా విన్నది.

ఆ ఇంట్లో ముందుగదికి రాజ్యాంగం వేరు. సోఫా వెనక నుంచి గుమ్మం దాకా కార్పెట్ పరిచి ఉండేది. కాఫీ రంగు. ఆ రంగుకి నప్పేటట్టు పిన్ని ఎన్నో దుకాణాలు తిరిగి కాఫీ రంగు కర్టెన్లు కొంది, సోఫా కవర్లు కుట్టించింది. ఆ గదిలో తినకూడదు, తాగకూడదు, పిల్లలు మంచినీళ్ళ గ్లాసు కూడా పట్టుకోకూడదు. వచ్చినవాళ్ళకి టీ ఇచ్చేది వంటింటి బల్ల దగ్గరే. వాళ్ళు వెళ్ళొస్తామని లేచి ఇంకా మెట్లు దిగుతుండగానే వెనక నుంచి వాక్యూమ్ క్లీనర్ మోత వినబడేది. కొత్తగా వచ్చినవాళ్ళు నొచ్చుకునేవారు. పాతవాళ్ళు అదే వీడ్కోలనుకునేవారు.

వీధిలో ఎవరింట్లో ఏ మరక పడ్డా పిన్నినే అడిగేవారు. ఆవిడ మనుషుల్ని రెండు జాతులుగా విడగొట్టింది. "మరక పడగానే రుద్దేవాళ్ళు కొందరు, అద్దేవాళ్ళు కొందరు. రుద్దేవాళ్ళు జీవితంలో బాగుపడరు," అనేది. అద్దడం ఎలాగో చూపించడానికి చేతిరుమాలు తీసి గాలిలో మెత్తగా అద్ది చూపించేది. ఆ మాట విని తలలు దించుకున్న ఇల్లాళ్ళు ఆ వీధిలో బోలెడుమంది.

ఒకరోజు డాక్టరుగారికే పన్ను పోటొచ్చి క్లినిక్ మూసేశారు. పిన్ని ఇంట్లో ఒక్కతే ఉంది. వంట అయింది. టీవీలో ఆవిడకిష్టమైన ఏడుపు సీరియల్ వస్తోంది. టీవీ ఉన్నది ముందుగదిలో, కంచం ఉన్నది వంటింట్లో. ఈ రెంటికీ మధ్య ఎంత పోరాటం జరిగిందో మనకి తెలీదు గానీ, చివరికి కంచమే నడిచొచ్చింది. ఒళ్ళో కంచం, పక్కన గుమ్మం వైపున్న సోఫా చెయ్యి మీద కూర గిన్నె పెట్టుకుని పిన్ని కూర్చుంది. అలా కూర్చోవడం అదే మొదటిసారి అని ఆవిడ అంటుంది. దొరికిపోవడం మొదటిసారి అని బాబాయ్ అంటాడు.

సీరియల్లో కోడలు కళ్ళు తిరిగి పడిపోయే సమయానికి బెల్లు మోగింది. పిన్ని తేలు కుట్టినట్టు లేచింది. గిన్నె బోర్లా పడింది. బెల్లు కొట్టినవాడు కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడు. వాడు బయటే చూసుకుని తన దారిన తను పోయాడు.

పసుపు, కారం, నూనె, మూడూ కలిసిన మరక. అరచెయ్యంత ఉంది. పిన్ని తడిగుడ్డ తెచ్చి కూర్చుని, ఉన్న బలమంతా పెట్టి రుద్దింది. రుద్దుతూ "రుద్దకూడదు, రుద్దకూడదు" అని తనకి తానే చెప్పుకుంటూ రుద్దింది. మరక కంచమంత అయింది. అప్పుడు వేడినీళ్ళు తెచ్చి పోసింది. పసుపు హాయిగా స్నానం చేసి అక్కడే స్థిరపడింది.

ఇంక ఎవరినైనా అడగాలి. అడిగితే పరువు పోతుంది. ఆ పరువు కాపాడుకోవడానికి ఆవిడ మా అమ్మకి ఫోన్ చేసి ఒక చిన్న మాట మార్చింది.

"అక్కా, మా పక్కింటావిడ కార్పెట్ మీద కూర ఒలకబోసుకుందే. పాపం, ఏం చెయ్యాలో తెలీక కంగారు పడుతోంది."

"నీకు తెలీనిదేముంది? నువ్వే చెప్పొచ్చుగా."

"చెప్పాననుకో. నువ్వేమంటావో కూడా కనుక్కుందామని."

"ముందు నూనె లాగాలి. కార్న్‌ఫ్లోరు చల్లి, కాసేపుంచి దులిపెయ్యమను. వేడినీళ్ళు మాత్రం పొయ్యొద్దని చెప్పు. పసుపు పట్టేస్తుంది."

"పోసేసింది," అంది పిన్ని నీరసంగా.

"పోసేసిందా! రుద్దలేదు కదా?"

"రుద్దింది కూడా."

"అంత తెలివితక్కువ మనిషా మీ పక్కింటావిడ?"

"ఊరికే నోరు పారేసుకోకక్కా. ఆవిడ చాలా మంచిది," అని పిన్ని ఫోన్ పెట్టేసింది.

కార్న్‌ఫ్లోరు చల్లింది. అది నూనె పీల్చుకుని ముద్ద కట్టింది. దులిపితే జిడ్డు చాలా పోయింది. పసుపు మాత్రం అలాగే ఉంది. పిన్నికి కాస్త ఊపిరొచ్చింది. సొంత తెలివి కూడా వచ్చింది. వంటసోడా తీసింది. ఆవిడ జీవితంలో వంటసోడా చల్లని చోటు లేదు. ఫ్రిజ్‌లో, సింకులో, బూట్లలో, చెత్తబుట్టలో అన్నిచోట్లా పనిచేసింది కదా, ఇక్కడెందుకు చెయ్యదని తడిపి మరక నిండా పట్టించింది.

పసుపుకి సోడా తగిలితే ఎర్రబడుతుందని ఆవిడకి తెలీదు. మందుల షాపులో సీసాల మధ్య బతికే నాకే తెలీదు. చూస్తూండగానే కంచమంత మరక రక్తపు మడుగులా మారింది.

సరిగ్గా అప్పుడే బాబాయ్ భోజనానికి వచ్చాడు. తలుపు తీసేసరికి జుట్టు రేగిపోయిన భార్య మోకాళ్ళ మీద ఉంది. చేతులు ఎర్రగా ఉన్నాయి. ముందు నేలంతా ఎర్రగా ఉంది. టీవీలో ఎవరో పెద్దపెట్టున ఏడుస్తున్నారు.

"ఎవరు?" అన్నాడు బాబాయ్. ఆయన నోట ముందొచ్చిన మాట అదీ.

"ఎవరూ లేరు. పసుపు."

"పసుపు ఎర్రగా ఉంటుందా?"

"ఇవాళ ఉంది."

బాబాయ్ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. అయినా ఎర్రగానే ఉంది. పిన్ని నాలుక ఫోన్లో అలవాటు పడ్డ దారినే పోయింది. "పక్కింటావిడ ఒలకబోసింది," అనేసింది.

"మన ముందుగదిలోనా?"

"ఆ."

"ఆవిణ్ణి ముందుగదిలో అన్నం తిననిచ్చావా?"

పిన్ని గుడ్డ అందుకుని మళ్ళీ రుద్దడం మొదలుపెట్టింది. బాబాయ్ సోఫా మీద సగం తిన్న కంచం చూశాడు. ఆ కంచం అంచు మీద ఉన్న పువ్వు చూశాడు. ఆ పువ్వున్న కంచం ఆ ఇంట్లో ఎవరిదో ఆయనకి తెలుసు. "నాకు వంటింట్లోనే వడ్డించు," అని కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం నేనొచ్చేసరికి వెనిగర్ ప్రయోగం నడుస్తోంది. వెనిగర్ తగలగానే ఎరుపు మళ్ళీ పసుపైంది. నమ్మకం కుదరక పిన్ని ఒక మూల మళ్ళీ సోడా వేసింది, అక్కడ ఎర్రబడింది. మళ్ళీ వెనిగర్ పోసింది, పసుపైంది. "ఎరుపు కన్నా పసుపే మర్యాదగా ఉంటుంది," అని చివరికి తేల్చి, టీపాయ్ జరిపి దాని మీద పెట్టింది. గది మధ్యలో ఉండాల్సిన టీపాయ్ గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడింది. లోపలికి రావాలంటే పక్కకి తిరిగి పొట్ట లోపలికి లాక్కుని రావాలి.

"ఇదేమిటి పిన్నీ?" అన్నాను.

"ఇక్కడ వెలుతురు బాగుంటుంది," అంది. టీపాయ్‌కి వెలుతురెందుకో నేనడగలేదు.

మర్నాడు క్లినిక్‌లో ఆవిడ డాక్టరుగారినీ సలహా అడిగింది, పక్కింటావిడ కోసం. ఆయన బాగా ఆలోచించాడు. "తెల్ల పేస్టు రాసి, మెత్తటి బ్రష్షుతో గుండ్రంగా తొమ్మనండి. పైకీ కిందకీ వద్దు, పూతంతా అరిగిపోతుంది," అన్నాడు. ఎంత చదివినా మనిషికి తెలిసిన మందు ఒక్కటేనని పిన్ని తర్వాత అనేది.

ఆ మాటలప్పుడు మా వీధి మూలింటావిడ అక్కడే కుర్చీలో కూర్చుని ఉంది. అప్పుడే పన్ను పీకించుకుంది. బుగ్గ నిండా దూది ఉంది కాబట్టి మాట్లాడలేదు. చెవుల్లో దూది లేదు కాబట్టి అన్నీ విన్నది. మూలింటావిడ ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. అలాంటి మనిషి ఒక వార్త నోట్లో ఉంచుకుని, దూది తీసే దాకా ఓపిక పట్టాల్సి వచ్చింది. అది తీసేశాక జరిగింది చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఆ పక్కింటావిడ గురించి చెప్పాలి. ఆవిడ బట్టలు కుట్టేది. వీధంతా టైలరమ్మ అనేవారు. కిటికీ పక్కన మిషను, గోడ వెంట కుట్టాల్సిన గుడ్డల మూటలు, కింద ఉత్త సిమెంటు నేల. అసలావిడ ఇంట్లో కార్పెట్ లేదు. ఉండే వీల్లేదు కూడా. "సూది కిందపడితే టింగుమనాలి, అప్పుడే దొరుకుతుంది. కార్పెట్ మీద పడితే కాలికే దొరుకుతుంది," అనేది ఆవిడ.

అలాంటి ఇంటికి పొద్దున్నే ఒకావిడ వచ్చి నేల వైపు చూసింది.

"లోపల పెట్టేశారా?" అంది మెల్లగా.

"ఏది?" అంది టైలరమ్మ.

"అదేలెండి. బాధపడకండి, అందరికీ జరిగేదే," అని రెండు నిమ్మకాయలు మిషను మీద పెట్టి వెళ్ళిపోయింది. తర్వాత ఇంకొకావిడ సగం సీసా వెనిగర్ తెచ్చింది. మరొకావిడ తెల్ల పేస్టు ట్యూబు తెచ్చి, "గుండ్రంగా తోమాలట," అని చెవిలో చెప్పింది. టైలరమ్మ పళ్ళు తడుముకుంది. తనకేదో జబ్బు చేసిందనీ, అది తనకి తప్ప అందరికీ తెలిసిపోయిందనీ ఆ పూటంతా బెంగపెట్టుకుందట.

మధ్యాహ్నం మూలింటావిడ వచ్చింది. ఆవిడ ఏమీ తేలేదు, తీసుకుపోవడానికి వచ్చింది.

"నా గుడ్డ ఇచ్చెయ్యండి. తర్వాత కుట్టించుకుంటాను."

"రేపటికైపోతుంది వదినా, కత్తిరించడమే తరువాయి."

"లేత రంగు గుడ్డ కదా," అంది మూలింటావిడ, టైలరమ్మ చేతుల వైపు చూస్తూ. "పసుపు అంత తొందరగా వదలదు."

టైలరమ్మకి తల తిరిగింది. అడగ్గా అడగ్గా సంగతి బయటికొచ్చింది. "పళ్ళ డాక్టరు దగ్గర మీ పక్కింటావిడే చెప్పింది. మీ మీద ఎంత జాలి పడిందనుకున్నారు! తన కార్పెట్టే పాడైనట్టు ముఖం పెట్టింది పాపం."

టైలరమ్మ ఆ మాట రెండుసార్లు లోలోపల చెప్పుకుంది. అప్పుడు దీపం వెలిగింది. వచ్చిన నిమ్మకాయలూ వెనిగరూ పేస్టూ అన్నీ ఒక సంచీలో వేసుకుని మా ఇంటికి బయల్దేరింది.

ఆ రోజు నేను తొందరగా వచ్చి ఇంట్లోనే ఉన్నాను. బాబాయ్ కుర్చీలో పేపరు చదువుతున్నాడు. పిన్ని తలుపు ఒక చెయ్యి వెడల్పున తీసింది.

"ఏం కావాలి?"

"ఏం లేదక్కా. ఒకసారి నా కార్పెట్ చూసుకుని పోదామని వచ్చాను," అంది టైలరమ్మ.

బాబాయ్ పేపరు కొంచెం పైకెత్తుకున్నాడు.  పిన్ని పక్కకి తప్పుకుంది. టైలరమ్మ పొట్ట లోపలికి లాక్కుని టీపాయ్ దాటి వచ్చి, దాన్ని ఎత్తి పక్కన పెట్టి, నడుం మీద చేతులేసుకుని మరకంతా తీరిగ్గా చూసింది.

"బాగుంది. నేను ఎంత తెలివితక్కువదాన్నో ఇది చూస్తే తెలుస్తోంది. వేడినీళ్ళు కూడా పోసినట్టున్నానే?"

పిన్ని సోఫాలో కూలబడింది. ఏడుపొచ్చింది గానీ ఏడవలేదు. ఏడిస్తే కన్నీళ్ళు కార్పెట్ మీద పడతాయి. అంత కష్టంలోనూ ఆవిడకి ఆ ధ్యాస ఉంది.

"నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలీదమ్మా. అలా జారిపోయింది."

"కూరలాగా," అంది టైలరమ్మ. "సరేలెండి. నా కార్పెట్ అన్నాక నేనే బాగుచేసుకోవాలి. పాత తెల్లగుడ్డలు తెండి. అమ్మాయ్, మీ షాపులో గాయాలు కడిగే హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉంటుందిగా, ఒక సీసా పట్రా."

నేను పరుగెత్తి తెచ్చేసరికి ఇద్దరూ ఎదురెదురుగా నేల మీద కూర్చుని ఉన్నారు. గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు చల్లటి నీళ్ళలో కలిపి, తెల్లగుడ్డతో అద్దుతున్నారు. పిన్ని చెయ్యి అలవాటుగా రుద్దబోతే టైలరమ్మ మణికట్టు పట్టుకుని ఆపేది. అంచు నుంచి మధ్యకి అద్దడం, గుడ్డ మడత మార్చడం, మళ్ళీ అద్దడం. సబ్బు తగిలి మళ్ళీ ఎర్రబడ్డచోట వెనిగర్ నీళ్ళు, తర్వాత మంచినీళ్ళు. గుడ్డల మీదికి పసుపు ఎక్కుతూ వచ్చింది. పెరాక్సైడ్ పూసే ముందు టైలరమ్మ సోఫా వెనక కనబడని మూల ఒక చుక్క వేసి చూద్దామంది. అక్కడ చుక్క వేసి తుడిచింది.

తుడిచినచోట కాఫీ రంగు పోయింది. కింద మీగడ రంగు కనబడింది.

"అయ్యో, రంగు తినేసింది!" అంది పిన్ని. "ఆపు, ఆపు!"

టైలరమ్మ పెరాక్సైడ్ పక్కన పెట్టి, దానికి జానెడు దూరంలో ఉత్త సబ్బునీళ్ళతో తుడిచింది. అక్కడా మీగడ రంగే. గుడ్డ తిప్పి చూసింది. నల్లగా ఉంది. ఆ గుడ్డ ఎవరికీ కనబడకుండా ఒళ్ళో దాచుకోబోయింది గానీ అప్పటికే పిన్ని చూసేసింది.

 బాబాయ్ పేపరు వెనక నుంచి అన్నాడు: "కొన్నప్పుడు మీగడ రంగే కదా."

"ఏమిటీ?"

"కార్పెట్. కొన్నప్పుడు మీగడ రంగు."

"మరి కాఫీ రంగని నేనన్నప్పుడు మీరెందుకు చెప్పలేదు?"

"నువ్వు కాఫీ రంగన్నావు. నేను సరేనన్నాను."

"కర్టెన్లు కొన్నప్పుడైనా నోరు విప్పొచ్చుగా!"

"కర్టెన్లు బాగానే నప్పాయి కదా," అన్నాడు బాబాయ్.

నప్పక ఏం చేస్తాయి. పిన్ని ఏళ్ళ తరబడి మురికి రంగు చూసి, ఆ రంగుకి సరిపోయే కర్టెన్లూ సోఫా కవర్లూ వెతికి వెతికి తెచ్చుకుంది. రోజూ వాక్యూమ్ చేసిన మాట నిజమే. అది పైన దుమ్ము లాగింది గానీ, లోపల కూర్చున్న జిడ్డుని పలకరించలేదు. మురికి ఒక్కరోజులో వస్తే కనబడేది. రోజుకి కాస్త చొప్పున వచ్చి ఇంట్లో మనిషిలా కలిసిపోయింది.

పిన్ని చాలాసేపు ఆ మూలనే చూస్తూ కూర్చుంది. మరక సంగతి ఎవరికీ గుర్తులేదు. మరక పడ్డచోట శుభ్రంగా, పడనిచోట మురికిగా ఉంటే ఇంక దాన్ని మరక అని ఎలా అంటాం?

"మొత్తం ఉతకాలి," అంది చివరికి.

ఆదివారం పొద్దున్నే కార్పెట్ చుట్టచుట్టి నలుగురం కలిసి మేడ మీదికి మోశాం. నా గది ముందే పరిచాం. బాబాయ్ లుంగీ ఎగగట్టి నీళ్ళ పైపు పట్టుకున్నాడు. పిన్నీ టైలరమ్మా రెండు పక్కలా కూర్చుని బ్రష్షులు పట్టారు. నేను బకెట్లు అందించాను. సబ్బునీళ్ళు పోసి తోముతుంటే ముందు బూడిద రంగు, తర్వాత మట్టిరంగు, ఆ తర్వాత మాటల్లో చెప్పకూడని రంగు నీళ్ళొచ్చాయి.

మేడ మీద నీళ్ళు దిగే గొట్టం మా ఇంటికీ టైలరమ్మ ఇంటికీ మధ్యగోడ పక్కనుంచి వీధిలోకి పడుతుంది. ఆ సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. కాసేపటికి వీధిలో సందడి వినిపించింది. చూస్తే గొట్టం దగ్గర నుంచి వీధి చివరి దాకా కాలవ పారుతోంది. మూలింటావిడ చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. చుట్టూ ఇంకో నలుగురు.

"ఏవండోయ్, ఏమిటీ నీళ్ళు?"

పిన్ని బిగుసుకుపోయింది. టైలరమ్మ లేచి పిట్టగోడ మీదుగా వంగింది. "నా కార్పెట్టే వదినా! అక్క వాళ్ళ మేడ విశాలంగా ఉంటుందని ఇక్కడ ఉతుకుతున్నాం."

సరదాకే అంది. నలుగురూ నవ్వేసి పోతారనుకుంది. వాళ్ళు నవ్వలేదు.

"అమ్మో, ఇంత మురికా! ఇన్నాళ్ళూ దీని మీద కూర్చునేనా మా బట్టలు కుట్టింది?" అంది మూలింటావిడ.

"సాయంత్రం నా గుడ్డలు కూడా తీసుకుపోతానండీ, ఏమనుకోకండి," అంది పక్కనున్నావిడ.

"నావి కూడా," అంది ఇంకొకావిడ.

టైలరమ్మ నవ్వుతూనే వెనక్కొచ్చి కూర్చుంది. బ్రష్షు చేతిలోకి తీసుకుంది గానీ తోమలేదు. ఆ నలుగురి గుడ్డలూ పోతే ఆవిడకి మిషను తొక్కడానికి పనేముంటుంది? పిన్ని ఆవిడ చెయ్యి వైపు చూసింది. తర్వాత లేచింది. మోచేతుల దాకా నురగ, చెంపకి మట్టి, కొంగు దోపుకుని పిట్టగోడ దగ్గరికి నడిచింది. అంత మురికిగా ఆవిణ్ణి ఆ వీధి ఎప్పుడూ చూడలేదు.

"ఆ కార్పెట్ నాది!" అని అరిచింది. "ఆ మురికి నాది! కూర ఒలకబోసింది నేను! ముందుగదిలో కూర్చుని తింటూ, టీవీ చూస్తూ ఒలకబోశాను! రుద్దాను కూడా!"

 బాబాయ్ చేతిలో పైపు తనకి తోచిన దిక్కుకి నీళ్ళు పోస్తోంది.

మూలింటావిడ గుండె మీద చెయ్యేసుకుంది. కళ్ళు చెమ్మగిల్లాయి. "చూశారా, ఎంత పెద్ద మనసో! పక్కింటామె పరువు పోకూడదని తన నెత్తిన వేసుకుంటోంది!"

"కాదు! నిజంగా నాదే!"

"మీ సంగతి మాకు తెలీదా వదినగారూ? మీ ఇంట్లో మురికా! ఎవరికి చెబుతారు ఈ కథలు?"

"ఏమండీ, మీరైనా చెప్పండి!"

బాబాయ్ వచ్చి వంగి చూశాడు. "కార్పెట్ మాదేనండి," అన్నాడు గంభీరంగా.

"పాపం అన్నయ్యగారు ఎప్పుడూ ఆవిడ మాట కాదనరు," అంది మూలింటావిడ, మిగతావాళ్ళ వైపు తిరిగి.

పిన్ని పిట్టగోడ పట్టుకుని నిలబడిపోయింది. అబద్ధం చెప్పినప్పుడు ఒక్కరైనా అనుమానపడలేదు. నిజం చెబితే ఒక్కరైనా నమ్మడం లేదు. ఇంత మంచిపేరు ఉంటే మనిషి ఇంక ఎలా బతకాలి? వెనక టైలరమ్మ కిసుక్కున నవ్వింది. ఆ నవ్వుకి పిన్నికి ఏదో స్ఫురించినట్టుంది. గొంతు మార్చింది. క్లినిక్‌లో వాడే గొంతు.

"సరే, నాది కాదనుకోండి. మరి నా మాట మీద మీకు నమ్మకముందా?"

"అయ్యో, ఎంత మాట!"

"అయితే వినండి. ఆవిడ ఇల్లు నేను లోపలికెళ్ళి చూశాను. నేల మీద సూది పడితే కనబడుతుంది. నా ఇంటి కన్నా శుభ్రంగా ఉంటుంది. నా కొత్త తెల్ల కర్టెన్లు ఆవిడ చేతే కుట్టిస్తున్నాను. మీ గుడ్డలు ఎక్కడున్నాయో అక్కడే ఉంచండి."

వీధి తల ఊపింది. మచ్చలేని పిన్ని సిఫారసు చేసిందంటే ఇంక అప్పీలు లేదు. మూలింటావిడ చెప్పులు తొడుక్కుని, "నా గుడ్డ కూడా మళ్ళీ పంపిస్తాలే," అని టైలరమ్మకి వినబడేలా అని వెళ్ళింది.

"నా ఇల్లు ఎప్పుడు చూశారక్కా మీరు?" అంది టైలరమ్మ.

"చూడలేదు," అంది పిన్ని. "ఇది అయ్యాక వస్తాను. టీ పెట్టు."

కార్పెట్ ఎండడానికి చాలా రోజులే పట్టింది. మిగిలిన లేతపసుపు ఛాయని పెరాక్సైడ్ కొంత, ఎండ చాలా తినేశాయి. పసుపుకి ఎండంటే పడదని అప్పుడే తెలిసింది. అన్ని మందులూ అయ్యాక దిక్కు అదేనని ముందే తెలిస్తే ఇంత కథ ఉండేది కాదు. మళ్ళీ ముందుగదిలో పరిచేసరికి కర్టెన్లూ సోఫా కవర్లూ దాని పక్కన మాసిన గుడ్డల్లా కనబడ్డాయి. టైలరమ్మ కొత్తవి కుట్టింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు "కొత్త కార్పెట్టా?" అని అడిగితే పిన్ని, "పాతదే, ఇన్నాళ్ళకి ఉతికాను," అని ఉన్నదున్నట్టు చెప్పేది. వాళ్ళు భలే చమత్కారమని నవ్వేవారు. కానీ ఇంటికెళ్ళి ఏం చేశారో ఏమో, ఎవరి సోఫా వెనక వాళ్ళు తొంగి చూసుకున్నట్టున్నారు.

తర్వాతి ఆదివారం ఎదురింటి గొట్టంలోంచి మట్టిరంగు నీళ్ళు పడ్డాయి. ఆ పై ఆదివారం మూలింటి మేడ మీద నుంచి, మా వాటి కన్నా చిక్కగా. పిన్నీ నేనూ అటుగా వెళ్తున్నాం. మూలింటావిడ మేడ మీద నుంచి మమ్మల్ని చూసి గతుక్కుమంది.

"పూలకుండీలు కడుగుతున్నానండీ," అంది గబగబా.

పిన్ని చీర కుచ్చిళ్ళు పైకెత్తి ఆ కాలవ దాటింది. తలెత్తి ఆకాశం కేసి చూసింది.

"మంచి ఎండగా ఉంది వదినా," అంది. "మధ్యాహ్నం రెండో వైపుకి కూడా తిప్పండి."